ప్లైవుడ్ గోడకు ఇవతలి క్లాసు

ఇవాళ మా ఆఫీసులో కొత్త గది కోసం ప్లైవుడ్ కోస్తున్నారు. ఆ చెక్కపొట్టు వాసన ముక్కుకు తగిలిందో లేదో, మీటింగులో కూర్చున్నచోటి నుంచే నేను అమీర్‌పేట వెళ్లిపోయాను. జావా వస్తే చాలు, జీవితం కుదురుకున్నట్టేనని అందరం నమ్మిన రోజులవి. యాదగిరి సార్ చెప్పే జావా క్లాసుకూ పక్కనున్న టెస్టింగ్ క్లాసుకూ మధ్య గోడంటే ప్లైవుడ్డే, అదీ కప్పు దాకా లేదు. అవతలి సార్‌ది మైకు అక్కర్లేని గొంతు. మా సార్ మెల్లగా మాట్లాడేవారు. వినపడట్లేదంటే నవ్వి ఇంకాస్త తగ్గించేవారు.

నేను భీమవరం నుంచి వచ్చాను. పంజాగుట్టలో ఒక కంపెనీ ఇంటర్వ్యూ ఉంది, అది పోతే ఇంటికొచ్చి బీఈడీలో చేరాలని నాన్న తేల్చి చెప్పేశారు. ఈ ఊరినీ ఈ హడావిడినీ వదిలి వెళ్లడమంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకే ఒక్క ముక్క జారిపోకూడదని చెవులు రిక్కించి అన్నీ వినేదాన్ని. ఆ అన్నీ వినడమే నా కొంప ముంచింది. ఒకరోజు సార్ నన్ను లేపి, ఇన్‌హెరిటెన్స్ అంటే ఏంటని అడిగారు. ప్రోగ్రాంలో తల్లి క్లాసు గుణాలు పిల్ల క్లాసుకు రావడం అని చెప్పాలి. నేనేమో ఠక్కున, తప్పు సరిదిద్దాక పాతవన్నీ మళ్లీ పరీక్షించడం అని చెప్పాను. అది గోడ అవతలి పాఠం! క్లాసంతా పడీపడీ నవ్వింది. సార్ మాత్రం ఏదో దొరికినట్టు సంబరపడ్డారు.

"పక్క సార్‌కు నీయంత మంచి స్టూడెంట్ దొరకలేదమ్మా," అన్నారు.

ఆ సాయంత్రం మమ్మల్నందరినీ కింద ఫుట్‌పాత్ మీదికి తీసుకెళ్లారు. కోఠీ, కోఠీ అంటూ కండక్టర్ల కేకలు, చేతుల్లో కుక్కే కోచింగ్ కరపత్రాలు, పక్కనే సలసల కాగే బజ్జీల నూనె. ఆ గోలలో నిలబడి, 'ఏ', 'బీ' అని రెండు అంకెలు చెబుతాను, చివర్లో 'ఏ' ఎంతో మాత్రమే అడుగుతానని ముందే చెప్పి మొదలుపెట్టారు. ఏ అయిదు, బీ మూడు. ఏని రెండింతలు చెయ్యాలి. బీలోంచి ఒకటి తియ్యాలి. ఏలోంచి నాలుగు తియ్యాలి. నేను రెండు అన్నాను. అది బీ విలువ.

"బీనెందుకు మోస్తున్నవమ్మా, నేనడిగిన్నా?" అన్నారు సార్. "మనసుకు చెయ్యి జర చిన్నది. ఏది గావాల్నో ముందుగాల అనుకో, గదే పట్టుకో. మిగిలింది పోనియ్."

వేరే అంకెలతో మళ్లీ చెప్పారు. బీ వచ్చినప్పుడల్లా పోనియ్ అనుకున్నాను. బస్సు హారన్‌ని పోనిచ్చాను, బజ్జీల వాసనను కష్టం మీద పోనిచ్చాను. జవాబు దానంతటదే నోట్లోకి వచ్చేసింది. ఆ సంతోషంలో ఫుట్‌పాత్ మీద నిజంగానే ఒక గెంతు గెంతాను.

ఇంటర్వ్యూ రోజున పంజాగుట్టలో సరిగ్గా ఆ కిటికీ కిందే రోడ్డు తవ్వుతున్నారు. ఎదురుగా ఉన్నాయన ప్రోగ్రాం నోటితోనే చెబుతానన్నారు. చివర్లో ఏది అడుగుతారండీ అని నేను ముందే అడిగాను. ఆయన చెప్పారు. ఇక నాకు తవ్వకం వినపడలేదు, నాన్న మాటా గుర్తు రాలేదు.

బయటపడ్డాక బస్సు కోసం కూడా ఆగకుండా అమీర్‌పేటకు పరుగులాంటి నడకతో వచ్చేశాను. సార్ బోర్డు తుడుస్తున్నారు. ఎట్లా చేశావని అడగలేదు.

"ఇంటర్వ్యూ జేసినాయన అంగి ఏం రంగు?" అన్నారు.

ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. తెలియదు సార్ అన్నాను, భయంభయంగా.

"గట్లయితే జాబ్ వచ్చినట్టే పో."

వచ్చింది. నాన్న బీఈడీ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పటికీ మీటింగులో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే లోలోపల పోనియ్ అనుకుంటాను, నాకు కావలసింది చేతికి చిక్కుతుంది. ఉద్యోగమిచ్చిన ఆ పెద్దమనిషి ముఖం కూడా ఇప్పుడు గుర్తులేదు. ఫుట్‌పాత్ మీద అంకెలు చెప్పిన ఆ సాయంత్రం యాదగిరి సార్ వేసుకున్నది మాత్రం లేత పసుపు చొక్కా. జేబు కింద నీలం మార్కర్ మరక ఉంది.