మెచ్చుకుంటారా, మెచ్చుకోరా

అరవైల్లో మాట. అనకాపల్లిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరి రెండో ఏడు నడుస్తోంది నాకు. పంద్రాగస్టు పండక్కి మా హెడ్మిస్ట్రెస్ గారు వక్తృత్వ పోటీ పెట్టించారు. ఆవిడ క్రిస్టియన్. తెల్లచీర తప్ప కట్టేవారు కాదు, ఎవరి మీదా గొంతు పెంచేవారు కాదు. పోటీకి అంశం కూడా ఆవిడే ఇచ్చారు. స్వాతంత్ర్యం కోసం పోరాడి పోయినవాళ్ళు ఇప్పుడొచ్చి చూస్తే మన ప్రభుత్వాన్ని మెచ్చుకుంటారా, మెచ్చుకోరా?

మెచ్చుకుంటారని ఒకమ్మాయి, మెచ్చుకోరని ఒకమ్మాయి మాట్లాడాలి. మెచ్చుకుంటారనే పిల్ల నా వంతుకు వచ్చింది. ఎస్సెల్సీ, బళ్ళో ఆఖరి తరగతి. తండ్రి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీ. ముఖ్య అతిథిగా వచ్చేది జిల్లాలో బళ్ళ వ్యవహారాలు చూసే ఆఫీసరుగారని తెలిసింది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అందుకని జాగ్రత్తగా మూడు పేజీల ఉపన్యాసం రాసిచ్చాను. ఆనకట్టలు, ఫ్యాక్టరీలు, అందరికీ ఓటు, ఊరూరా బడులు. ఆ పిల్ల రెండ్రోజుల్లో బట్టీ పట్టేసింది. సాయంత్రం నిలబెట్టి అప్పజెప్పించుకుంటే ఒక్క మాట తప్పేది కాదు. నాకు ఎంతో గర్వంగా ఉండేది, ఆ పిల్లని చూసి కాదు, నా వాక్యాలు విని.

జడ్జీగా మెయిన్ రోడ్డులో కుట్టుమిషను పెట్టుకున్న సాయిబు గారిని పిలిచారు. మా పిల్లల యూనిఫాంలు సగం ఆయన కుట్టినవే. తెల్లవాళ్ళ కాలంలో రెండుసార్లు జైలుకెళ్ళొచ్చిన మనిషి. కానీ ఆ సంగతి ఆయన నోట మేమెవరమూ వినలేదు.

ఆ రోజు తుంపర. జెండా ఎగరేసి అందరం హాల్లోకి వచ్చాం. మెచ్చుకోరనే అమ్మాయి ముందు మాట్లాడింది. బియ్యం ధర, కిరసనాయిలు క్యూ, లంచాలు అన్నీ ఏకరువు పెట్టింది. చప్పట్లు బాగా పడ్డాయి. తరవాత నా పిల్ల లేచింది. ఆనకట్టలు అయ్యాయి, ఓటు అయింది. "ఊరూరా బడులు" అనే మాట దగ్గర ఆగిపోయింది. మరిచిపోయిందనుకుని ముందు వరసలోంచి పెదాలు కదిపి అందించబోయాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు.

"టీచరుగారు రాసింది బాగుందండి," అంది. "కానీ ఆ పెద్దోళ్ళు మా బడికే వత్తే ఏటి సూత్తారని నిన్న ఆలోసించేను. గదులు సూత్తారు, మెచ్చుకుంటారు. మా అమ్మకి సంతకం ఎట్టడం రాదు, నేను ఇంగ్లీషు కూడా సదువుతన్నాను. అదీ మెచ్చుకుంటారు. జైలుకెళ్ళినోళ్ళలో ఆడోళ్ళూ ఉన్నారు కదండీ. ఆళ్ళలో ఒకావిడ, 'అమ్మా, మీరు దొడ్డికెక్కడికెల్తారు?' అనడుగుతాది. మేం ఏటి సెప్పాలండి? ఎనకాల తుప్పల్లోకి ఎల్తన్నాం. వానొత్తే అదీ నేదు. అందుకే పొద్దున్నుంచీ మేం మంచినీళ్ళు తాగం. కాబట్టి సగం మెచ్చుకుంటారండి, సగం మెచ్చుకోరు."

దణ్ణం పెట్టి వెళ్ళి కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆఫీసరుగారు హెడ్మిస్ట్రెస్ గారి వైపు వంగి, హాలంతటికీ వినపడేలాగే అడిగారు. "ఈ ఉపన్యాసం ఎవరు రాసిచ్చారు?"

నేను లేచి నిలబడ్డాను.

"మొదటి సగం నేను రాశానండి. రెండో సగం ఆ అమ్మాయిదే." అక్కడితో ఆపుదామనే అనుకున్నాను. కానీ ఇంకో మాట దానంతటదే వచ్చేసింది. "నేను కూడా నీళ్ళు తాగనండి."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత హాలంతా నవ్వింది. ఆఫీసరుగారు తలొంచుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు. అప్పుడు సాయిబు గారు తీర్పు చెప్పడానికి లేచారు.

"జైల్లో ఒకే గదిలో మేం సాలామందిమి ఉండేవోళ్ళం," అన్నారు. "సొతంత్రం వత్తే రాజ్యం ఎలాగుండాలని రోజూ దెబ్బలాడుకునేవోళ్ళం. ఒకడికి నచ్చింది ఇంకొకడికి నచ్చేది కాదు. ఒక్కదాని మీద మాత్రం తగువు రాలేదు. పెద్దాఫీసరు ఎదురుగా కూకున్నా, నిలబడి ఉన్నమాట సెప్పగలగాల. ఆ రోజుల్లో సెప్పినందుకే నన్ను అట్టుకెళ్ళేరు. ఈ పిల్ల సెప్పింది, సెప్పి ఇక్కడే కూకుంది. ఎవరూ అట్టుకెళ్ళలేదు." ఆఫీసరుగారి వైపు తిరిగారు. "అంతేనా బాబూ?"

"అంతేనండి," అన్నారాయన.

బహుమతి ఏటికొప్పాక లక్కబొమ్మ. దాన్ని మాత్రం సాయిబు గారు మెచ్చుకోరన్న అమ్మాయికే ఇచ్చారు. నా పిల్ల రెండు పక్కలా మాట్లాడేసింది కాబట్టి పోటీ లెక్కలో ఓడిపోయినట్టేనట. ఆ మాటకి అందరికంటే ఎక్కువ నవ్వింది నా పిల్లే.

వెళ్ళేముందు ఆఫీసరుగారు గొడుగేసుకుని స్కూలు వెనక్కి వెళ్ళారు. బూట్లనిండా బురదతో తిరిగొచ్చి, "అర్జీ రాయండమ్మా, నా పేరునే రాయండి," అన్నారు. హెడ్మిస్ట్రెస్ గారు అంతకుముందు రెండుసార్లు రాసి ఊరుకున్నారట. ఈసారి అర్జీ కింద తల్లుల చేత సంతకాలు పెట్టిద్దామన్నాను. వాళ్ళొచ్చి బల్ల చుట్టూ మూగారు. వేలిముద్రలే ఎక్కువ పడ్డాయి. ఆ పిల్ల తల్లి వేలికంటిన సిరా చెంగుకి తుడుచుకుంటూ, "ఇలాటి పనైతే రోజూ ఏత్తానమ్మా ముద్ర," అంది.

పని వెంటనే కాలేదు. ఇటుకలొచ్చి నెలల తరబడి పడున్నాయి. సిమెంటు కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం. పైఏడు దసరా సెలవులకి గాని మరుగుదొడ్లు పూర్తికాలేదు. ఆరు గదులు, ఆరింటికీ తలుపులు, లోపల గడియలు. బడి తెరిచిన రోజు ఇంటర్వెల్ అంతా పిల్లలు ఆ గడియలు వేస్తూ తీస్తూ ఆడుకున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు వసారాలో నిలబడి చూస్తున్నారు గాని, ఎవర్నీ క్లాసుకి తరమలేదు. ఆ ఏడే నా ఉద్యోగమూ పర్మనెంటయింది. నేను భయపడ్డదేదీ జరగలేదు. ఆ పిల్ల మాత్రం అప్పటికి పరీక్ష పాసై నర్సు ట్రైనింగుకి విశాఖపట్నం వెళ్ళిపోయింది. ఒక కార్డు రాసింది. అక్షరదోషాలు రెండే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే ఒకసారి జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి సాయిబు గారి దుకాణానికి వెళ్ళాను. కొట్లో ఇంకెవరూ లేరు. మనసులో ఉన్నది అడిగేశాను.

"ఆ రోజు మీరు అసలు ప్రశ్నకి తీర్పు చెప్పలేదండీ. నిజంగా వాళ్ళొస్తే మెచ్చుకుంటారంటారా?"

ఆయన దారం కొరికి తెంపారు. "ఆళ్ళు రావడమెందుకమ్మా? నేను బతికే ఉన్నాను కదా, నన్నడగండి."

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"పేపరు సూత్తే కోపమొత్తాది. ఓట్లప్పుడు లైన్లో నిలబడితే, నా ముందు ఒక షావుకారు, ఎనకాల రిక్షా లాగేవోడు. ముగ్గురికీ తలా ఒక్కటే ఓటు సీటీ. ఇంటికొచ్చి ఆ పూట కడుపునిండా తింటాను." సూది పక్కన గుచ్చి, "రెండూ నిజవేనమ్మా," అన్నారు. ఆ తరవాత గుడ్డ బల్ల మీద పరిచి, చేతులు మోచేతి దాకా ఉంచమంటారా, కాస్త పైకి కుట్టమంటారా అని అడిగారు.

అప్పటిదాకా ఎవరేమనుకుంటారోనని మోచేతి దాకానే కుట్టించుకునేదాన్ని. కాస్త పైకే కుట్టమన్నాను.