సెంటు పూసిన చేతులు

సెంటు పూసుకోకుండా నేను గడప దాటి పదేళ్ల పైనే అయింది. స్నానం చేసి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మెడకు ఇటోసారి అటోసారి, రెండు మణికట్లకు ఒక్కోసారి, ఆఖరున చొక్కా కాలరు లోపల ఒకసారి. ఈ వరస తప్పితే ఆ రోజంతా చెప్పులు లేకుండా బజారులో తిరిగినట్టుంటుంది నాకు.

ఆ సీసా నా ఒక్కడిదే కాదు. నా భార్య కూడా అదే వాడుతుంది. అనంతపురంలో కొట్టతను "ఇది ఆడోళ్లయినా పూసుకోవచ్చు, మగోళ్లయినా పూసుకోవచ్చు సార్" అన్నప్పుడు, ఒక సీసాతో ఇద్దరి పనీ అయిపోతుందని ఆమె సంబరపడింది. నేను మాత్రం మూత తీసి ఒక్కసారి పీల్చి, ఇంక అక్కడి నుంచి కదల్లేదు.

కొట్టిన వెంటనే నిమ్మకాయ తొక్కను గోటితో గిల్లిన వాసన వస్తుంది. అది ఎంతోసేపు నిలవదు. మా ఎండకు బస్సు ఎక్కేలోపే ఎగిరిపోతుంది. దాని వెనకే మల్లె వస్తుంది. జడలో నలిగిన మల్లె కాదు, పొద్దున్నే నీళ్లు చల్లిన మొగ్గ, దాంతోపాటు కాడ విరిచినప్పటి పసరు. మధ్యాహ్నం దాటాక మల్లె కూడా సన్నగిల్లి, ఉతికి ఆరేసిన తెల్లబట్ట వాసన ఒక్కటే చర్మానికి అంటుకుని మిగులుతుంది. అన్నిటికన్నా నాకిష్టం ఆ చివరిదే. మనిషి ఏ ఊరివాడో, ఏ ఇంట్లో పుట్టాడో అది ఎవరికీ చెప్పదు.

ఉరవకొండలో నేను పనిచేసే ఆఫీసులో అందరికీ నేనంటే వేళాకోళమే. "ఏమప్పా, మల్లెపూలు యాడ పెట్టుకున్యావు, జేబులోనా?" అంటారు. అననీ. వాళ్లకేం తెలుసు? మాది గొర్రెలు మేపే ఇల్లు. ఆరో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకుని లేచి వేరే బెంచీకి పోయాడు. ఆ సాయంత్రం బోరు దగ్గర కూర్చుని ఒళ్లు కందిపోయేదాకా రుద్దుకున్నాను. నాయన చూసి "తోలు ఊడదీసుకుంటావేమిరా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే నాకు నలభై ఏళ్లు దాటినా ఆ మంట చల్లారలేదు.

పోయిన ఏడు మాకు వాన పడలేదు. శెనిక్కాయ చేను పూతలోనే మాడిపోయింది, కాయా లేదు, గొర్రెలకు ఎండుమేతా లేదు. కొండల మీద గాలిమరలు మాత్రం రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉన్నాయి. మేపలేక నాయన మందను తగ్గించుకుంటూ వచ్చి, చివరికి తొమ్మిది గొర్రెల దగ్గర ఆగాడు. వాటిలో ఒక్కటే సూడిది, ఈనడానికి దగ్గరపడింది. తల్లి చచ్చిపోతే నాయనే తన ఒళ్లో పెట్టుకుని సీసాపాలు పట్టి పెంచిన గొర్రె అది. దానికి మేత కోసం తుమ్మకొమ్మలు నరకబోయి చెట్టు మీది నుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

అంత నొప్పిలోనూ ఆస్పత్రికి రానని మొండికేశాడు.

"అది ఈనేదాకా నేను యాడికీ రానురా. ఆడపిల్ల పుడితే మంద మళ్లా లేస్తాది. అది పోతే నేను ఇంగ కట్టె పట్టను, చెప్తాండా."

కట్టె అంటే ఆయన చేతికర్ర. అది వదిలేసిన రోజు ఆయన బతకడని నాకు తెలుసు. ఊరికే కూర్చోవడం అనేది ఆయన ఒంట్లో లేదు.

"నేను ఉండా కదా నాయనా. పిల్లను నేను చూసుకుంటా," అన్నాను.

"నువ్వా?" అని నన్ను కిందినుంచి మీదికి చూశాడు. ఆ చూపులో నమ్మకం ఉందని అబద్ధం చెప్పలేను. అయినా వేరే దారి లేక ఆటోలో పడుకున్నాడు. నా భార్య సెలవు పెట్టి అనంతపురంలో ఆయన మంచం పక్కన కూర్చుంది. నేను సెలవు పెట్టి ఊళ్లో గొర్రెల పక్కన కూర్చున్నాను.

కూర్చోవడమంటే నిజంగా కూర్చోలేదు. శుభ్రం మొదలుపెట్టాను. దొడ్డిలో పెంటంతా తవ్వి బయట దిబ్బలో పోశాను. నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లాను. ఎన్నేళ్లుగానో నీళ్లు చూడని నాయన కంబళిని, ట్యాంకరు నీళ్లు మూడు బిందెలు ఖర్చుపెట్టి, సర్ఫులో నానబెట్టి, తొక్కి తొక్కి ఉతికాను. బురద రంగు నీళ్లు పోతూనే ఉన్నాయి. ఆరాక దాని మీద రెండుసార్లు సెంటు కూడా కొట్టాను. ఆస్పత్రి నుంచి వచ్చి కప్పుకుని సంతోషిస్తాడనుకున్నాను. అప్పుడు నా అంత మంచి కొడుకు ఈ మండలంలో లేడనిపించింది.

ఐదో రోజు పొద్దున స్నానం చేసి, అలవాటు ప్రకారం మెడకు, మణికట్లకు సెంటు కొట్టుకున్నాను. గొర్రెల మధ్య ఎవరికోసం కొట్టుకున్నానో మరి. చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే దొడ్డిలో సూడిగొర్రె మూలిగింది. నేను పరిగెత్తేసరికి పిల్ల నేల మీద పడి ఉంది. పచ్చటి జిగట, దాని కింద వణుకుతున్న చిన్న ఒళ్లు. కంచె మీద అప్పటికే రెండు కాకులు వాలాయి.

ఇంకేం ఆలోచించలేదు. పిల్లను ఎత్తి గుండెకు హత్తుకున్నాను. నా తువ్వాలుతో ముక్కు, నోరు, ఒళ్లంతా తుడిచేశాను. తోక ఎత్తి చూస్తే ఆడపిల్ల. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయనకు మాట ఇచ్చి నిలబెట్టుకున్న రోజు అదొక్కటే అనుకుంటూ, పిల్లను తెచ్చి తల్లి ముందు పెట్టాను.

తల్లి వంగి వాసన చూసింది. మళ్లీ చూసింది. రెండడుగులు వెనక్కి వేసి, తలతో పిల్లను కుమ్మింది.

పొరపాటున తగిలిందేమో అనుకుని మళ్లీ దగ్గరికి చేర్చాను. ఈసారి ఇంకా గట్టిగా కుమ్మింది. పిల్ల దొర్లి కంచె దగ్గర పడింది. అప్పుడు నాకు తట్టింది, అది నా సెంటు వాసనేమో అని. తట్టిన బుద్ధి అక్కడితో ఆగితే బాగుండేది. పిల్లను తీసుకుపోయి, గోరువెచ్చని నీళ్లతో నా స్నానం సబ్బు పెట్టి కడిగేశాను. ఇప్పుడు దానికి నా సెంటూ లేదు, తల్లి తడీ లేదు, సబ్బు ఒక్కటే మిగిలింది. తల్లి ఈసారి వాసన కూడా చూడకుండా మొహం తిప్పుకుంది.

నా కేకలకు పక్క దొడ్డి అవ్వ వచ్చింది. ఆమె కూడా పుట్టినప్పటినుంచి గొర్రెలతో ఉన్న మనిషే. వస్తూనే నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏం పూసుకున్యావప్పా ఇది?"

"సెంటు అవ్వా."

"అయ్యో నీ సెంటు కాల! గొర్రె బిడ్డను కండ్లతో చూస్తాదా? ముక్కుతో కదా చూసేది. అది నాకాల్సిన తడి నువ్వెందుకు తుడిచినావు? మాయ పడిందా? యాడుండాది?"

మాయ అప్పటికే కుక్క ఎత్తుకుపోయింది. నేను పిల్లకు స్నానం చేయిస్తున్నప్పుడే. అది ఉంటే, తల్లి గుర్తుపట్టేలా అవ్వ దాన్నే పిల్లకు రుద్దేదట.

అవ్వ గొర్రె తల పట్టుకుంది. నేను పిల్ల నోరు తెరిచి చన్ను పెట్టాను. పుట్టిన కొద్ది గంటల్లో ముర్రుపాలు కడుపులో పడకపోతే పిల్ల నిలవదని చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగాను. మేతలేని గొర్రెకు ఆ పొదుగే పిడికెడు ఉంది. నాలుగు చుక్కలు పడేసరికి అది కాలు విదిలించి, ఎంత లేపినా లేవకుండా పొదుగును నేలకు అదిమి పడుకుంది. పాలు పిండి సీసాతో పట్టిద్దామంటే నాకు పిండడం రాదు. అవ్వ చేతులు వాతంతో వంకర్లు పోయి ఉన్నాయి. పిల్ల మెడ వాలిపోతోంది.

"మీ నాయనకు ఫోన్ చెయ్. ఆయప్పకే తెలుస్తాది," అంది అవ్వ.

చెయ్యడానికి నాకు భయం వేసింది. చెయ్యకపోవడానికి ఇంకా భయం వేసింది. నా భార్య ఎత్తి, గొంతు వినగానే ఏమీ అడక్కుండా నాయనకు ఇచ్చింది.

"నాయనా, ఈనింది. ఆడపిల్లే. తల్లి దగ్గరికి రానీలేదు."

"నా కంబళి యాడుండాది? అది కప్పు పిల్లకు. ఆ గొర్రె పెరిగిందే దాంట్లో కదా. ఆ వాసన తగిల్తే తనే వచ్చి నాకుతాది."

దండెం మీద కంబళి తెల్లగా, మెత్తగా ఊగుతోంది.

"ఏమిరా? వినపడతాందా?"

"ఉతికినా నాయనా."

అవతల ఆస్పత్రి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"సరే," అన్నాడు. "అయితే ముందు నీ ఒంటి మీదుండేది తియ్. దిబ్బలో పెంట ఉండాది కదా, అది తెచ్చి రుద్దుకో. పిల్లకూ రుద్దు. పోయి మందలో కూర్చో."

చొక్కా తీసి పారేశాను. దిబ్బ దగ్గరికి పోయి, నేనే తవ్వి పారబోసిన పెంటను రెండు చేతులా ఎత్తుకొచ్చాను. గొర్రెలు అప్పుడే పోసిన ఉచ్చతో దాన్ని తడిపి చేతులకు, మెడకు, రొమ్ముకు పట్టించాను. పిల్లకు పట్టించాను. అవ్వ ఉప్పు తెచ్చి పిల్ల వీపు మీద చల్లింది, తల్లి నాకుతుందని. ఆరో తరగతి నుంచి దేన్ని వదిలించుకోవడానికి ఒళ్లు అరగదీసుకున్నానో దాన్నే ఏడుస్తూ రుద్దుకున్నాను. ఐనా మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంటే, అంత పెంట కింది నుంచి కూడా మల్లె వస్తూనే ఉంది. నా జన్మలో ఏ వాసననూ అంతగా అసహ్యించుకోలేదు. పోవే, పో అని గట్టిగా అరిచాను. అవ్వ నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

పిల్లను ఒళ్లో పెట్టుకుని మిగతా ఎనిమిది గొర్రెల మధ్య కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. చెమటకు ఉప్పు, పెంట, సెంటు అన్నీ కలిసి కారుతున్నాయి. తల్లి దూరంగా నిలబడి నన్నే చూస్తోంది. కదిలితే బెదురుతుందని కాళ్లు తిమ్మిరెక్కినా అలాగే ఉండిపోయాను. మనసులో ఏ దేవుడికి ఏం మొక్కానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. రా తల్లీ, ఒక్కసారి రా, అని మాత్రం అనుకుంటూనే ఉన్నాను.

పొద్దు కాస్త వాలాక అది వచ్చింది. నా మోకాలు వాసన చూసింది. మెడ చూసింది. మణికట్టు దగ్గర ఆగి, ఆగి, నాలుక పెట్టి నాకింది. తర్వాత పిల్ల వీపు నాకడం మొదలుపెట్టింది. తల నుంచి తోకదాకా నాకుతూ, గొంతులోనే సన్నగా ఒక శబ్దం చేసింది. పుట్టిన బిడ్డ దగ్గర తప్ప గొర్రె ఆ శబ్దం ఎప్పుడూ చెయ్యదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "అవ్వా, వచ్చింది, నాకుతాంది!" అని అరిచాను.

అవ్వ వచ్చి పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది.

"నోరు సల్లబడింది కదప్పా," అంది. "పోయి శానాసేపయింది."

తల్లికి ఆ సంగతి తెలియలేదు. ముందరికాలితో పిల్లను మెల్లగా గీరింది. లేచి పాలు తాగమని పిలిచేటప్పుడు అలాగే గీరుతుంది. లేవకపోయేసరికి మళ్లీ గీరింది. అవ్వ పిల్లను నా ఒళ్లో నుంచి తీసుకుని కొంగు కప్పి బయటికి నడిచింది. గొర్రె దొడ్డంతా తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఎత్తాను, నాయనే. గొర్రె అరుస్తూనే ఉంది. ఆయన ఆ అరుపు వింటున్నాడని నాకు అర్థమైంది. బిడ్డ పాలు తాగుతున్న గొర్రె అలా అరవదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పాలు పిండెయ్‌రా," అన్నాడు. "వదిలేస్తే పొదుగు గట్టిపడి దానికి నొప్పి లేస్తాది."

"నాకు రాదు నాయనా."

"నేను చెప్తా. ఫోను నేల మీద పెట్టి దాని పక్కన కూర్చో. బొటనవేలు లోపలికి మడువు. గుంజొద్దు, అదుము."

ఆయన ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. నేను అలాగే చేశాను. మొదట రాలేదు, తర్వాత సన్నగా ధార కట్టింది. పచ్చటి ముర్రుపాలు నా వేళ్ల మీదుగా మట్టిలోకి కారిపోయాయి. పొద్దున అంత కొట్లాడిన గొర్రె అరుపు ఆపేసి, వెనక్కి తల తిప్పి, నా వీపు వాసన చూసింది. తర్వాత కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, బిడ్డకు ఇచ్చినట్టు, నాకోసం కదలకుండా నిలబడింది.