సముద్రపు వేవిళ్ళు

మూడు రోజుల ఓడ ప్రయాణంలో రస్కమ్మ రెండు వందల మంది మగవాళ్ళకి వేవిళ్ళు తగ్గించింది. వాళ్ళలో మీసాలవాళ్ళున్నారు, బట్టతలవాళ్ళున్నారు, మనవణ్ణి భుజాన ఎక్కించుకుని తిరిగే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. చివరి రోజున ఓడ కెప్టెన్ కూడా టోపీ చంకలో పెట్టుకుని వరసలో నిలబడ్డాడు.

సరే, రెండు వందలంటే కాస్త సాగదీసినట్టే. పదకొండు మంది అనుకోండి. అందులో ఇద్దరు ఆడవాళ్ళు. కెప్టెన్ వరసలో నిలబడలేదు, పక్కనుంచి నడిచి వెళ్ళాడు. కాకపోతే చాలా నెమ్మదిగా నడిచాడు. ఇంతకన్నా తగ్గిస్తే కథ రక్తి కట్టదు.

రస్కమ్మ అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. కాన్పుల ఆసుపత్రిలో ముప్పై ఆరేళ్ళు నర్సుగా చేసి, ఊళ్ళో సగం మంది తల్లులకి పురుళ్ళు పోసిన మనిషి ఆమె. ఆమె గొంతు ఎలాంటిదంటే, అడ్డం తిరిగిన బిడ్డ కూడా అది విని, ఎందుకొచ్చిన గొడవ అనుకుని, తల కిందికి పెట్టుకుని బుద్ధిగా దారిలోకి వచ్చేసేదట. నెల తప్పి, ముఖం పీక్కుపోయి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చిన ప్రతి పిల్లకీ ఆమె జేబులోంచి ఒక ఎండు రస్కు తీసిచ్చి ఒకటే మాట చెప్పేది.

"ఇదేమైనా రోగమా? రస్కు నమిలి, లేచి నడు."

మాట గరుకే గానీ మందు మంచిదే. పొద్దున్నే మంచం దిగకముందు పొడిగా ఏదైనా నమిలితే చాలామందికి వికారం సర్దుకునేది. పేరు అలా వచ్చి అలా ఉండిపోయింది. ఆమెకి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా కడుపులో తిప్పలేదు. పెళ్ళి జోలికి పోలేదు, పిల్లలు లేరు, జ్వరాలు కూడా ఆమెని చూసి అటునుంచి అటే పోయేవి.

ఆ రస్కు మాటని ఊరంతా నవ్వుకుని మరిచిపోయింది. మరవని మనిషి ఒక్కతే. ఆమె చెల్లెలు.

చెల్లెలిది బొత్తాలూ దారాలూ లేసులూ అమ్మే ఇరుకు కొట్టు. తొలిచూలప్పుడు ఆమెకి మూడు నెలలు మంచినీళ్ళు కూడా ఇమడలేదు. ఒకరోజు గోడలు పట్టుకుని నడుస్తూ ఆసుపత్రికి వెళ్ళింది. అక్క కదా, కాసేపు ఒళ్ళో తల పెట్టుకోనిస్తుందనుకుంది. వరసలో నలభై మంది ఉన్నారు. వాళ్ళందరి ఎదుటా అక్క రస్కు తీసిచ్చి, అందరికీ చెప్పే మాటే చెప్పింది. నలభై మందీ నవ్వారు. ఆ కాన్పులో పుట్టిన పిల్లకి ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ మాటకి ముప్పై.

అక్కాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు ఆగలేదు. ఒకరి వంట ఒకరు తిన్నారు, ఒకరి జబ్బుకి ఒకరు కాపలా కూర్చున్నారు. కానీ మాటామాటా అనుకున్నప్పుడల్లా చెల్లెలు, "అవునులే, నీకు రస్కులివ్వడం వచ్చుగానీ ఇంకేం వచ్చు!" అనేది. అక్క పెదవులు బిగించుకునేది. 'తప్పయింది' అన్న ఒక్క ముక్క ఆ పెదవుల మధ్య నుంచి బయటికి రాలేదు. చెల్లెలికి కావలసింది ఆ ముక్కే. అడిగి పుచ్చుకుంటే దానికి విలువ ఉండదు గనక, ముప్పై ఏళ్ళుగా కాచుకుని కూర్చుంది.

ఇలా ఉండగా, ఏడాదంతా బాగా అమ్మినందుకు దారాల కంపెనీవాళ్ళు చెల్లెలికి ఇద్దరు వెళ్ళే ఓడ టిక్కెట్లు బహుమతిగా పంపారు. మూడు రోజులు సముద్రం మీద తిరిగి, ఎక్కిన రేవులోనే దిగడం.

"మీ ఆయన్ని తీసుకెళ్ళవే," అంది రస్కమ్మ.

"ఆయనకి బావిలోకి తొంగిచూస్తేనే కళ్ళు తిరుగుతాయి. నువ్వు రా."

"నేనే ఎందుకట?"

"నువ్వు ఒక్కసారి కక్కుకుంటే చూడాలని ఉందక్కా," అంది చెల్లెలు లేసు కొలుస్తూ, చాలా ప్రేమగా.

"అది నీ తరం కాదు, ఆ సముద్రం తరమూ కాదు," అంది రస్కమ్మ. ఆ మాటతో ఇద్దరికీ పందెం పడ్డట్టయింది.

చెల్లెలు ఊరికే కూర్చోలేదు. కొట్టుకి వచ్చేవాళ్ళలో ఓడ ఎక్కినవాళ్ళని పట్టుకుని అన్నీ అడిగి తెలుసుకుంది. మాత్ర వేసుకునేటట్టయితే వికారం మొదలయ్యాక కాదు, ఓడ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. కడుపు నిండా తినకూడదు, అలాగని ఖాళీగానూ ఉంచకూడదు. గది ఓడకి నడిమధ్య, కింది అంతస్తులో ఉంటే ఊపు తక్కువ. ఇవన్నీ తెలుసుకుని, గదులు ఇచ్చే అబ్బాయికి ఫోన్ చేసి, "ఓడ ముక్కు దగ్గర, అన్నిటికన్నా పైన ఉన్న గది ఇవ్వు నాయనా. మా అక్కకి ఎత్తంటే ప్రాణం," అని చెప్పింది. మాత్ర మాత్రం న్యాయంగా అక్కకీ ఇవ్వబోయింది.

"నువ్వు మింగు తల్లీ," అంది రస్కమ్మ. "నాకెందుకు?"

మొదటి రోజు సముద్రం నిద్రపోతున్న బిడ్డలా ఉంది. నీటికీ ఆకాశానికీ మధ్య కుట్టు కనపడలేదు, రెండూ ఒకే లేతరంగు గుడ్డలోంచి కత్తిరించినట్టున్నాయి. సాయంత్రం ఓడ ఎక్కడికీ వెళ్ళనట్టే వెళుతుంటే, రస్కమ్మ రెండో పళ్ళెం భోజనం ముగించి, "ఇంతేనా మీ సముద్రం?" అని అడిగింది.

సముద్రం విన్నట్టుంది.

రెండో రోజు ఫలహారం అయ్యాక ఆమె గదిలో తెరలు మూసుకుని, పడక మీద పత్రిక చదువుతూ కూర్చుంది. అప్పుడు కిటికీ తెర దానంతట అది గోడని వదిలి గాలిలోకి వచ్చింది. కాసేపు ఆలోచిస్తున్నట్టు అక్కడే నిలబడి, తిరిగి గోడ దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. పత్రికలో అక్షరాలు కూడా లేచి తిరగడం మొదలుపెట్టాయి.

"అక్కా, ముఖం పాలిపోయింది."

"ఇక్కడ వెలుతురు అంతే."

"చెమటలు పడుతున్నాయి."

"ఉక్క."

"కళ్ళు మూసుకున్నావెందుకు?"

"ఆలోచిస్తున్నా. మాట్లాడించకు."

ఆ ఆలోచన గొంతు దాకా వచ్చేసింది. రస్కమ్మ లేచి పరుగెత్తి, చేతులు కడుక్కునే తొట్టి రెండంచులూ పట్టుకుంది. అరవై నాలుగేళ్ళుగా రానిదంతా ఒక్కసారే వచ్చింది.

చెల్లెలు గుమ్మంలో నిలబడి చూసింది. ఎంతో కాలంగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాటని బయటికి తీసింది.

"ఇదేమైనా రోగమా? రస్కు నమిలి, లేచి నడు."

రస్కమ్మ ఆ మాటని ఎన్ని వేలసార్లు అన్నదో లెక్కలేదు గానీ, వినడం అదే మొదలు. పైనుంచి అన్నప్పుడు అది ధైర్యం చెప్పినట్టుండేది. తొట్టిలో తల పెట్టుకుని కింది నుంచి వింటే తలుపు మూసిన చప్పుడులా ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమెకి నిద్రా పట్టలేదు, మెలకువా పట్టలేదు. కళ్ళు మూస్తే ఓడ పొడుగాటి వసారా కనిపించింది. దాని వెంట గోడ పట్టుకుని ఆడపిల్లలు నడిచి వస్తున్నారు, ఒకరి వెనక ఒకరు, చెప్పుల చప్పుడు లేకుండా, నీళ్ళలో నడుస్తున్నట్టు. అందరి ముఖాలూ ఆమెకి తెలుసు, పేర్లే తెలియవు. ఎవరూ నిష్ఠూరమాడలేదు. పక్కనుంచి వెళుతూ ఒక్కొక్కరూ ఆమె నుదుటి మీద చల్లటి చెయ్యి వేసి, వెనక వచ్చేవాళ్ళకి చోటిచ్చి కదిలిపోయారు. ఆఖరి చెయ్యి మాత్రం తీయలేదు. కళ్ళు తెరిస్తే అది చెల్లెలిది. తడిగుడ్డ పట్టుకుని ఉంది.

"నీకప్పుడు రోజూ ఇలాగే ఉండేదా?" అంది రస్కమ్మ.

"రోజూ."

"ఎన్నాళ్ళు?"

"మూడు నెలలు. చెప్పానుగా."

"చెప్పావు. నేను రాసుకున్నాను కూడా. రాసుకోవడం వేరు." తెర గోడని వదిలి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. "తప్పయిందే. వరసలో అంతమంది ఉన్నారు, నా చెల్లెలివని నీకో మాట, వాళ్ళకో మాటా చెప్తే బాగుండదనుకున్నాను. అందరికీ నీకు చెప్పాల్సిన మాటే చెప్పి ఉంటే సరిపోయేది. అది తోచలేదు."

ఈ క్షణం కోసం చెల్లెలు ఎన్నో జవాబులు సిద్ధం చేసి పెట్టుకుంది. కొన్ని చాలా పదునైనవి. వాటినన్నిటినీ పక్కన పెట్టేసి, పడక అంచున కూర్చుని అక్క తల ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు కక్కుకుంటే సరదాగా ఉంటుందనుకున్నానక్కా," అంది తడిగుడ్డ మడత మారుస్తూ. "ఏమీ లేదు. ఈ గది కూడా నేనే కావాలని అడిగాను. ఇక్కడ ఊపు ఎక్కువట."

"ఓసి నీ దుంపతెగ!" అంది రస్కమ్మ. నవ్వబోయింది గానీ కడుపు ఒప్పుకోలేదు.

చెల్లెలు ఆమెని నడిపించుకుంటూ కిందికి, ఓడ నడుమ ఉన్న వసారాలోకి తీసుకెళ్ళింది. గాలి ముఖానికి తగిలేలా కూర్చోబెట్టి, ఒక చేతిలో నిమ్మచెక్క, ఇంకో చేతిలో అల్లం ముక్క పెట్టింది. "నీళ్ళ దగ్గరికి చూడకు. దూరంగా, ఆకాశం కలిసేచోట ఆ గీత ఉందే, దాన్నే చూడు. ఇక్కడ కదలనిది అదొక్కటే."

రస్కమ్మ గీతని చూసింది. చాలాసేపు చూసింది. కడుపులో ఉన్నది మెల్లగా ఒక మూలకి వెళ్ళి పడుకుంది. పొద్దు వాలుతోంది. నీళ్ళ మీద వెలుతురు తేనెలా చిక్కబడింది. ఓడ ఒక పక్కకి బరువు వేసి, ఆగి, నిదానంగా రెండో పక్కకి వేస్తోంది.

"ఈ నడక నాకు తెలుసే," అంది ఆమె ఉన్నట్టుండి. "తొమ్మిదో నెల నడక. ఇది ఊగడం కాదు, మోయడం. మనం లోపల ఉన్నాం."

"అయితే?"

"లోపలి బిడ్డకి వికారం ఉండదు. తల్లి ఎటు ఒరిగితే అటు ఒరుగుతుంది. నేనే పొద్దుటినుంచీ బిగుసుకుని దీనికి ఎదురు నిలబడుతున్నాను."

ఆమె లేచి, మోకాళ్ళు వదులు చేసి, ఓడ మోస్తున్నవైపే ఒరుగుతూ నాలుగడుగులు వేసింది. పడిపోలేదు. ఆ నాలుగడుగుల్లో ఆమె నీళ్ళ మీద నడిచిందని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. అంత లేదు. చెక్క మీదే నడిచింది.

మూడో రోజు సముద్రం ఇంకా రేగింది. పొద్దున్నే కమ్మీ పట్టుకుని వేలాడుతున్న ఓ నిలువెత్తు మీసాలాయన వీపు నిమురుతూ, రస్కమ్మ అలవాటు కొద్దీ అడిగేసింది.

"ఎన్నో నెల?"

ఆయన తల తిప్పి చూశాడు. "ఏమిటండీ?"

"ఏం లేదు నాయనా. చాలా బాధగా ఉందా? ఉంటుంది. నాకు తెలుసు. ఇలా కూర్చో, ముందు కాస్త ఊపిరి తీసుకో. ఆ గీత కనిపిస్తోందా? దాన్ని చూస్తూ ఈ రస్కు కొంచెం కొంచెంగా కొరుకు. తొందరేం లేదు."

పక్కన నిమ్మకాయలు కోస్తున్న చెల్లెలి చేతిలో కత్తి ఆగింది. అక్క రస్కుకి ముందు ఇన్ని మాటలు చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు. వినపడనట్టే తల వంచుకుని మళ్ళీ కోయడం మొదలుపెట్టింది, కాస్త వేగంగా. మీసాలాయన తర్వాత ఇంకొకరు, వారి తర్వాత ఇంకొకరు వచ్చారు. కెప్టెన్ సంగతి ముందే చెప్పుకున్నాం.

ఊరికి తిరిగొచ్చిన వారానికే ఈ సంగతంతా పాకిపోయింది. బొత్తాల కోసం వచ్చిన ఆడవాళ్ళు కొట్టులో స్టూలు మీద కూర్చున్న రస్కమ్మని చుట్టుముట్టి, ఓడలో కక్కుకుందట కదా, చెల్లెలికి తప్పయిందని చెప్పిందట కదా, మీసాలాయన్ని ఎన్నో నెలని అడిగిందట కదా, నిజమేనా అని నిలదీశారు.

చెల్లెలు అందుకుంది. "ఎవరన్నారు? మా అక్క అసలు రానేలేదు. నేనొక్కదాన్నే వెళ్ళాను."

"విన్నారుగా!" అంది రస్కమ్మ. "నేను ఏ ఓడా ఎక్కలేదు, ఎవరి వీపూ నిమరలేదు, ఎవరికీ ఏ తప్పూ ఒప్పుకోలేదు. సముద్రమన్నది ఒకటుందని మీరు చెబితేనే వింటున్నాను. పనిలేనివాళ్ళు అల్లిన అబద్ధం ఇదంతా, మొదటి అక్షరం నుంచీ."