ఇదీ బండే

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆమె ఇస్త్రీ పిన్నే. ప్రహరీ గోడ పక్కన నాలుగు సైకిలు చక్రాల బండి, దాని మీద మడతలు పెట్టి పరిచిన దుప్పటి, దుప్పటి మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె. సరదాకి ఆ పెట్టె ఎత్తి చూసిన మగవాళ్లు "అమ్మో" అని దించేసేవారు. పిన్ని మాత్రం పొద్దస్తమానం దాన్ని బట్టల మీద నడిపిస్తూనే, దారిన పోయే ప్రతివాళ్లనీ ఆపి పలకరించేది. మొగుడు పోయాక కూతుర్ని చదివించిందీ, పెళ్లి చేసిందీ ఆ బండి మీదే.

ఒకప్పుడు ఆ వీధిలో కారంటే డాక్టరు గారిదొక్కటే. తరవాత చవక కార్లొచ్చాయి. కొన్నవాళ్లను తప్పు పట్టడానికీ లేదు. ఇద్దరు పిల్లల్ని చెరోవైపు ఇరికించుకుని వానలో స్కూటరు మీద పోయిన మొగుడూ పెళ్లాలను అడగండి, చెబుతారు. మొదటి కారు దిగిన రోజున పిన్ని కూడా పని ఆపి వెళ్లి, దాని తలుపు తీసి వేసి ముచ్చటపడింది. ఆ తరవాతే వచ్చింది తంటా. ఏకులా వచ్చినవి మేకులై కూర్చున్నాయి. కారు కొనగలిగినవాళ్లందరికీ దాన్ని పెట్టుకునే జాగా లేదాయె! వీధికి ఇటో వరస, అటో వరస. మధ్యలో మిగిలిన సందులో ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు, నువ్వంటే నువ్వు వెనక్కి పొమ్మని అద్దాలు దించి తిట్టుకునేవారు. నడిచే జనం గోడకంటుకుని నడవాల్సి వచ్చింది.

అందరి కళ్లూ పిన్ని బండి మీద పడ్డాయి. అది తీసేస్తే ఒక కారు పడుతుంది. కాలనీ ప్రెసిడెంటు గారు నేరుగా చెప్పలేక, గోడకు ఒక బోర్డు కొట్టించారు: "ఇచ్చట బండ్లు మాత్రమే నిలుపవలెను."

పిన్ని బోర్డు చదువుకుని, బొగ్గుల మీద విసురుతూ కూర్చుంది. సాయంత్రం ప్రెసిడెంటు గారే వచ్చారు.

"ఏమమ్మా, బోర్డు చూశావా?"

"చూశాను సార్. నా కోసమే పెట్టించారు. చల్లగా ఉండండి."

"నీ కోసమా?"

"బండ్లు మాత్రమే అని రాశారుగా. మరి నాది ఇస్త్రీ బండేగా!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయనకు. పక్కనున్నవాళ్లు నవ్వారు. దాంతో ఆయనకు ఇంకా కాలింది.

"కదలనిది బండెలా అవుతుందమ్మా? రేపు పొద్దున కదిలిందా, బండి. కదల్లేదా, తుక్కు. తుక్కయితే ఎత్తించేస్తాను" అని వెళ్లిపోయారు.

పిన్నికి గుండెల్లో రాయి పడింది. ఏళ్ల తరబడి ఇటుకల మీదే ఉన్న బండి అది. ఆ జాగా పోతే ఆమెకు పని లేదు. పని లేకపోతే ఎవరి పంచనో చేరాలి. ఆ మాట తలుచుకోగానే భయం పోయి కోపమొచ్చింది. పంక్చర్ల షాపతన్ని పిలిచి, పాత టైర్లేయించి, ఇరుసులకు నూనె పోయించింది.

తెల్లారింది. జనమంతా ఆఫీసులకు బయల్దేరే వేళ దాకా ఆగి, అప్పుడు కొంగు బిగించి బండిని తోసింది. పెట్టెలో నిప్పులు అలాగే ఉన్నాయి. బండి కీచుమంటూ రోడ్డెక్కింది. దాన్ని దాటిపోవడానికి సందేదీ? వెనక కార్లన్నీ బారులు తీరాయి. ఒకటే హారన్లు.

"పిన్నీ, పక్కకు జరుగు!" అని ఎవరో అరిచారు.

"పక్కన మీ కార్లే ఉన్నాయి బాబూ, ఎక్కడికి జరగను?" అంది వెనక్కి తిరక్కుండానే.

వీధి చుట్టూ తిరిగి, చెమటలు కక్కుతూ వచ్చేసరికి ఆమె జాగాలో ఒక కొత్త కారుంది. సందట్లో సడేమియా అని ఎవడు దూరాడా అని చూస్తే సొంత అల్లుడే! కూతురు ముందు సీట్లో, బిడ్డ ఒళ్లో. కొన్న కారు చూపించడానికి వచ్చారు. తన ఇంటి గేటు దగ్గర ప్రెసిడెంటు గారు చేతులు కట్టుకుని, ఇప్పుడేం చేస్తావన్నట్టు చూస్తున్నారు.

"ఖాళీగా కనబడితే పెట్టేశానత్తయ్యా" అన్నాడు అల్లుడు నవ్వుతూ. "అయినా ఇంకా ఈ బొగ్గులెందుకు మీకు? హాయిగా మా దగ్గరికి వచ్చెయ్యండి."

"కారు బాగుంది బాబూ. తియ్యండి."

అతని నవ్వు పోయింది. కూతురు గబగబా దిగింది. "అమ్మా, ఏంటిది? అల్లుణ్ణి పట్టుకుని నడిరోడ్డు మీద..."

"నడిరోడ్డు మీదున్నది నేనే. మీరు నా గోడ పక్కనున్నారు."

వెనక హారన్లు ఆగలేదు. పిన్ని బండి పట్టుకుని నిలబడింది. మాట పొడిగించలేదు, దారీ ఇవ్వలేదు. ఒక్కగానొక్క కూతురు, దాని కాపురం. అయినా కాళ్లు కదపలేదు. అల్లుడు మొహం మాడ్చుకుని కారు బయటికి తీశాడు. అది ఖాళీ చేసిన చోటికి ఆమె బండిని తోయబోతే, రోడ్డంచు గట్టు దగ్గర చక్రం ఎక్కలేదు. బిడ్డను ఒక చంకన వేసుకుని, కూతురు రెండో చేత్తో తోసింది. బండి గోడకు చేరింది. ప్రెసిడెంటు గారు గేటు వేసుకుని లోపలికి వెళ్లిపోయారు.

అల్లుడి కారు చోటు దొరక్క వీధి చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఆయనకి బాగా కోపమొచ్చిందమ్మా" అంది కూతురు.

పిన్ని నిప్పులు ఊది, బూడిద దులిపి, పెట్టె మూత వేసింది.

"రానీ. ఆ నలిగిన చొక్కాతో ఎంత దూరం పోతాడు? ఈసారి ఇటొచ్చినప్పుడు విప్పి ఇచ్చి పొమ్మను."