ఊకలో పెట్టిన బ్యాటరీ

ఆ రోజుల్లో డ్రైవరంటే బండి తోలడం ఒక్కటే కాదు, బండికి ఏ రోగమొచ్చినా ముందు మన గుండె దడదడలాడాలి. నాకు మీసాలు సరిగ్గా రాని వయసు. కొల్లేటి పక్కన చేపల చెరువులున్న అయ్యగారి దగ్గర పాత కారు తోలేవాణ్ణి. ఎండాకాలం వస్తే దాని బ్యాటరీ ఊరికే చచ్చిపోయేది. తాడేపల్లిగూడెం మెకానిక్కు చూసి, "ఇంజను వేడికి ఉడికిపోతోందిరా. మధ్యలో రేకు అడ్డం పెట్టించు" అన్నాడు. రేకు కోసం మళ్లీ గూడెం దాకా ఎవడొస్తాడు? (నా తెలివి మీద నాకు అప్పట్లో చాలా నమ్మకం.) చేపలకి వేసే ఐసు కరక్కుండా మేం ఊకలో పెట్టి తడి గోనె కప్పుతాం. ఐసుకి పనికొచ్చింది బ్యాటరీకి పనికిరాదా? చుట్టూ ఊక కూరి, గోనె తడిపి, బిగించి కట్టేశాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అయ్యగారమ్మాయికి నొప్పులొచ్చాయి. ఏలూరు ఆసుపత్రికి బయల్దేరాం. ముందు సీట్లో అయ్యగారు, వెనక అమ్మగారి ఒళ్లో తల పెట్టుకుని అమ్మాయిగారు. సగం దూరం వెళ్లేసరికి గోనె ఆరిపోయినట్టుంది, కమురు వాసన మొదలైంది. ఆపితే బండి మళ్లీ లేవదని భయం, ఆపకపోతే అంటుకుంటుందని భయం.

"ఏవండీ, ఏదో మాడుతోందండీ" అన్నారు అమ్మగారు.

"పొలాల్లో గడ్డి కాలుస్తున్నారులే" అన్నారు అయ్యగారు.

"అవునండి, గడ్డేనండి" అన్నాను నేను. అప్పుడే బానెట్ సందుల్లోంచి పొగ లేచింది.

"గడ్డి మన బండిలో కాలుతోందేంట్రా!" అని అయ్యగారు సీట్లోంచి ఎగిరిపడ్డారు.

ఇంజను ఆపకుండానే దిగి, బానెట్ ఎత్తి, రాజుకుంటున్న గోనెని ఊకతో సహా లాగి రోడ్డు పక్క కాలవలోకి విసిరాను. అరచేతులు బొబ్బలెక్కాయి. వెనక నుంచి అమ్మాయిగారు పళ్లు బిగించి, "నీ వంట అయితే ఇంక పోనియ్యవయ్యా బాబూ!" అని అరిచారు. ఆ నొప్పుల్లో కూడా ఆవిడ నోరు ఊరుకోలేదు.

ఆసుపత్రి ముందు వాళ్లని దింపాక కూడా ఇంజను ఆపలేదు. ఇక్కడ కాదు, ఇంకో చోటికి తీసుకెళ్లమంటే? లోపలికెళ్లి కనుక్కుందామన్నా, బండిని వదలాలంటే భయం. (పైగా ఆ బోర్డులు చదవడం నాకు అప్పటికి రాదు.) బండి గుడగుడలాడుతూనే ఉంది. చాలాసేపటికి అయ్యగారు బయటికొచ్చారు.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నార్రా. ఇంక ఆపెయ్."

ఆపాను. అది మళ్లీ స్టార్టయితే ఒట్టు. ఆయన పంచె ఎగ్గట్టి నాతో పాటు తోశారు.

ఆ పిల్ల ఇప్పుడు వట్లూరు కాలేజీలో పాఠాలు చెబుతోంది. తన కారు తనే నడుపుతుంది. దాని బ్యాటరీకి వేడి తగలకుండా కంపెనీవాళ్లే తొడుగేసి ఇచ్చారట. అయినా ఎండలో వచ్చి మా వాకిట్లో ఆగిందంటే, నేను కర్ర ఊతంగా వెళ్లి బానెట్ మీద చెయ్యి వేసి చూస్తాను. "ఏంటి బాబాయ్, జ్వరమేమైనా ఉందా?" అని నవ్వుతుంది. లేదులేమ్మా అంటాను. చెయ్యి మాత్రం వెంటనే తియ్యను.