నలభై ఆరు నిమిషాల దారి

మంగళవారం పొద్దున సాన్ ఎఫ్రేన్ ఎయిర్‌స్ట్రిప్ పక్కన, చిన్న సరుకు విమానం ఎక్కించే ముందు, ఎదిల్మా మతాపీని చేపలు తూచే కాటా మీద నిలబెట్టారు. సంచితో కలిపి అరవై మూడు కిలోలు.

"చేపలైతే నోరెత్తవు, దొన్యా. నిన్ను మాత్రం మాటలతో సహా మొయ్యాలి" అన్నాడు పైలట్ రెంగీఫో, పెద్దావిడని గౌరవంగా దొన్యా అని పిలుస్తూనే. ఆమె నవ్వలేదు.

మార్చిలో, నదిలో బంగారం తవ్వే కంపెనీ వాళ్ల పెద్ద పడవ, బార్జి, ఆమె తమ్ముడు ఒల్మేదో దోనె మీదకు ఎక్కేసింది. అతను చనిపోయాడు. ఒడ్డున నిలబడి అది చూసిన మనిషి ఆమె ఒక్కతే. బుధవారం, పదో తేదీ, ఎనిమిదింటికి పుయెర్తో అనిసెతో కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పకపోతే ఇక కేసే లేదు. రమ్మనే కోర్టు సమన్లు సోమవారమే చేతికొచ్చాయి. ఆ కాగితం అడుగున టైపు చేసి ఉంది: దూరం 194 కిలోమీటర్లు, విమానంలో 46 నిమిషాలు.

ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డూ లేదు, పడవ దారీ లేదు, ఏనాడూ ఏ విమానమూ ఎగరలేదు. చేపలైనా, రోగులైనా, శవాలైనా ముందు దూరాన కొండల అంచునున్న విల్లావిసెన్సియో నగరానికి పోవలసిందే. ఎదిల్మా కూడా చేపల పెట్టెల మీద కూర్చుని అలాగే పోయింది. బుధవారమంతా అక్కడ, పుయెర్తో అనిసెతోకు పోయే రెండో విమానం బీరు పెట్టెల కోసం ఆగింది. ఆమె కోర్టు మెట్లెక్కేసరికి గురువారం పదకొండు.

"కేసు నిన్ననే మూసేశారు. సాక్షి రాలేదుగా" అన్నాడు గుమస్తా ఫాబ్రిసియో.

"రాలేదా? మూడు రోజులుగా వస్తూనే ఉన్నానయ్యా!"

"నలభై ఆరు నిమిషాలే కదా, దొన్యా. కంప్యూటర్లో చూసే రాశాను."

"కొంగకైతే సరిపోతుంది. నాకు రెక్కలున్నాయా?"

బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. ఆమె అటు తిరిగింది. "నవ్వండి. రేపు మీ ఇంటికీ వస్తుంది ఈ కాగితం."

ఆమె గుమస్తా బల్ల మీద చెయ్యి చరిచింది. "ఆ నలభై ఆరు నిమిషాల విమానానికి నాకో టికెట్ తియ్యి. ఇప్పుడే, ఇక్కడే."

అందరూ చూస్తుండగా అతను పది నిమిషాలు వెతికాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అలాంటి విమానం లేదు" అన్నాడు గొణుగుతూ.

"గట్టిగా చెప్పు నాయనా, లోపల జడ్జిగారికి వినబడాలి. ఒల్మేదోకి ఎలాగూ వినబడదు. చెప్పింది రాసి సంతకం పెట్టు."

సంతకమయ్యాక కాగితం లోపలికి వెళ్లింది. కాసేపటికి జడ్జి గుమ్మంలోకి వచ్చింది. క్షమాపణ మాట ఎత్తలేదు. కేసు మళ్లీ తెరుస్తున్నామనీ, విచారణ ఇరవై మూడున అనీ చెప్పింది. "ఇంటికి వెళ్లి ఆ రోజుకు వచ్చెయ్యండమ్మా."

"వెళ్లి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆయన్నే అడగండి."

గుమస్తా ఈసారి కంప్యూటర్ వైపు చూడలేదు.

ఎదిల్మా వరండాలోకి వచ్చి, సంచిలోంచి పడుకునే తాళ్ల ఊయల తీసి, సరిగ్గా అతని కిటికీ ముందు రెండు స్తంభాలకు బిగించింది.

"ఇక్కడ కట్టకూడదు, పిన్నీ" అన్నాడు కాపలావాడు.

"అయితే విమానం తెప్పించు."

అతను గేటు దగ్గరకు వెళ్లిపోయాడు. విచారణకు ఇంకా పన్నెండు రోజులున్నాయి.