పేరు పలకకుండా తెచ్చిన చీర

మరునాడే మా చెల్లెలి సీమంతం. చీర పెట్టకుండా అక్కనని చెప్పుకుని వెళ్లలేను. నాట్లు వదిలి రాలేనని మా ఆయన, సూళ్లూరుపేట బట్టల కొట్లో తన ఖాతా మీద తెచ్చుకోమన్నాడు. నేను వెళ్లేసరికి గల్లాపెట్టె దగ్గర ముసలి షావుకారు లేడు, కొత్తగా వచ్చిన అల్లుడున్నాడు. నేను కోరిన చీర మడిచి, "ఎవరి ఖాతాలో రాయాలక్కా?" అన్నాడు.

మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పి కాపురానికి పంపింది. నేను పలకలేదు.

"దొరవారిసత్రం ఆయనన్నా. చుట్ట తాగతాడు."

"ఆ ఊళ్లో తాగనోళ్లు ఎవురుండారక్కా?"

"పొట్టిగా ఉంటాడు."

"అట్టాంటోళ్లు చానామంది ఉండారు."

చీర మళ్లీ అరలోకి పోతోంది.

"అంగట్లో చీరలన్నీ విప్పించి, అన్నిటికీ వంకలు పెట్టి, ఒక తువ్వాలు కొని, దానికీ కొట్లాడి బేరమాడతాడే, ఆయన."

"ఓ, ఆయనా! ముందే చెప్పకూడదా అక్కా?" అని చీర చేతిలో పెట్టాడు.

"పేరు చెప్పకుండా ఎట్టిచ్చినాడే?" అన్నాడు ఇంటి దగ్గర మా ఆయన.

"మిమ్మల్ని ఎరగనోళ్లు ఆడ ఎవురుండారు?" అన్నాను. ఆయన మీసం దువ్వుకున్నాడు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు పలికినా తగ్గడానికి ఆయుష్షు లేదు. అయినా పలకను.